కిరాయిదారులతో సహా భవనాన్ని అమ్మేటప్పుడు బయానాకు ముందే తేల్చుకోవలసినవి

మీరు వివరించిన పరిస్థితిని నేను అర్థం చేసుకున్న మేరకు ముందుగా చెబుతాను. కూకట్‌పల్లిలో 200 గజాల స్థలంలో 1998లో మీ నాన్నగారు కట్టించిన భవనం ఉంది. కింద రెండు మల్గీలు (దుకాణాల గదులు), పై రెండు అంతస్తుల్లో నాలుగు పోర్షన్లు, ఆరింటిలోనూ కిరాయిదారులు ఉన్నారు. అమ్మానాన్నల తరువాత భవనం మీకూ మీ చెల్లెలికీ చెరిసగంగా వచ్చింది. మీరు అమెరికాలో స్థిరపడ్డారు, ఆమె హైదరాబాద్‌లోనే ఉన్నారు. అద్దెల మీద ఆదాయం కోసమే ఆస్తులు కొనే ఒకాయన కిరాయిదారులతో సహా కొంటానని ముందుకొచ్చారు. బంధువులేమో ముందు అందరినీ ఖాళీ చేయించి అప్పుడు అమ్మమంటున్నారు. ఖాళీ చేయించాలా, కిరాయిదారులు చేరేటప్పుడు ఇచ్చిన అడ్వాన్సులు ఎవరు తిరిగి ఇవ్వాలి, ధర ఎలా నిర్ణయించుకోవాలి అన్నవి మీ ప్రశ్నలు. ఇరవై రెండేళ్లుగా హైదరాబాద్‌లో అద్దె భవనాలు కొంటూ, నిర్వహిస్తూ, అప్పుడప్పుడు అమ్ముతూ వచ్చినవాడిగా నా అనుభవంలో తేలినదంతా ఇక్కడ రాస్తున్నాను.

ఖాళీ చేయించవలసిన అవసరం చట్టపరంగా లేదు, మీ కొనుగోలుదారు నిజంగా అద్దె ఆదాయం కోసమే కొంటున్నట్లయితే వ్యాపారపరంగా కూడా లేదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 109వ సెక్షన్ ప్రకారం యజమాని తన భవనాన్ని అమ్మినప్పుడు, యజమానిగా ఆయనకున్న హక్కులన్నీ కొన్నవారికి సంక్రమిస్తాయి, కిరాయిదారు కోరుకుంటే ఆయన బాధ్యతలు కూడా వారి మీదికే వస్తాయి. అంటే అమ్మకం వల్ల కిరాయి ఒప్పందం రద్దు కాదు, యజమాని మాత్రమే మారతాడు. అమ్మకం జరిగిందన్న ఒక్క కారణంతో కొత్త యజమాని ఎవరినీ బయటికి పంపలేడు, కిరాయిదారు కూడా యజమాని మారాడన్న సాకుతో అద్దె ఎగవేయలేడు. ఒప్పందంలో ప్రత్యేకంగా రాసుకుంటే తప్ప, ముందు నాకే అమ్మాలి అని పట్టుబట్టే హక్కు కూడా ఇలాంటి పట్టణ భవనాల్లోని కిరాయిదారులకు లేదు.

అయితే మీ బంధువుల మాటలో కొంత నిజముంది, దాన్ని కొట్టిపారేయకండి. హైదరాబాద్‌లో పాత భవనం కొనేవారు రెండు రకాలు. భవనాన్ని కూల్చి కొత్తది కట్టే బిల్డరుకు కావలసింది గజం ధర, ఆయనకు కిరాయిదారు అడ్డంకి. నెలనెలా వచ్చే అద్దె కోసం కొనే వ్యక్తికి కిరాయిదారే ఆస్తి, ఖాళీ భవనం ఆయన దృష్టిలో ఆగిపోయిన ఆదాయం. ఇద్దరూ ఒకే భవనానికి వేరు వేరు ధరలు చెబుతారు. నగరంలో భూమి విలువ అద్దెలకంటే వేగంగా పెరిగిన ప్రాంతాల్లో అద్దెల లెక్కన వచ్చే ధర కేవలం స్థలం విలువకంటే తక్కువగా తేలడం సాధారణమే. కనుక మీరు మొదట చేయవలసింది రెండు లెక్కలూ కాగితం మీద పెట్టుకోవడం. గజం లెక్కన వచ్చే ధర స్పష్టంగా ఎక్కువగా ఉంటే, గడువు ఇచ్చి, మర్యాదగా ఖాళీ చేయించి బిల్డరుకు అమ్ముకోవడం సబబే. రెండూ దగ్గరదగ్గరగా ఉంటే, ఖాళీ చేయించడానికి పట్టే నెలల అద్దె నష్టం, ఒక్క కిరాయిదారు మొరాయించినా ఎదురయ్యే కోర్టు కాలయాపన కలిపి చూసుకుంటే, ఉన్నవారితో సహా అమ్మడమే మేలు. మీ వివరాలను బట్టి మీది రెండో కోవలోకి వస్తుందని నా అభిప్రాయం. ఇక్కడినుంచి ఆ దారి గురించే చెబుతాను.

మీరు ఇచ్చిన అంకెలనే తీసుకుందాం. ఒక్కో మల్గీకి నెలకు 28,000 చొప్పున 56,000, ఒక్కో పోర్షనుకు 16,000 చొప్పున 64,000, మొత్తం 1,20,000 రూపాయలు, అంటే ఏడాదికి 14.40 లక్షలు. చాలామంది అమ్మకందారులు ఈ అంకెనే కొనుగోలుదారు ముందు పెడతారు, అనుభవమున్న కొనుగోలుదారు మాత్రం దీన్ని అంగీకరించడు. ఆస్తి పన్ను, నల్లా బిల్లు, మెట్ల దీపాలకూ మోటారుకూ అయ్యే కరెంటు, ఊడ్చే మనిషి జీతం, రెండు మూడేళ్లకోసారి సున్నం, పైపుల మరమ్మతులు, ఒక పోర్షను ఖాళీ అయి మళ్లీ నిండేలోపు పోయే అద్దె, ఇవన్నీ ఏడాదికి సుమారు 2.20 లక్షలవుతాయనుకుంటే, నికరంగా మిగిలేది 12.20 లక్షలు. కొనే వ్యక్తి తన పెట్టుబడి మీద ఏడాదికి 4.5 శాతం నికర ఆదాయం కోరుకుంటే ఆయన ఇవ్వగల ధర సుమారు 2.71 కోట్లు, 4 శాతంతో సరిపెట్టుకుంటే 3.05 కోట్లు, 5 శాతం కావాలంటే 2.44 కోట్లు. అర శాతం తేడాతో ధర ఇన్ని లక్షలు మారుతుంది కాబట్టే, ఈయన ఎంత శాతం ఆశించి వస్తున్నారన్నది మీరు మొదటి సమావేశంలోనే తెలుసుకోవాలి.

ఆయన వైపు నుంచి మరో ఖర్చు ఉంది. తెలంగాణలో అమ్మకం దస్తావేజు మీద స్టాంపు డ్యూటీ 5.5 శాతం, బదిలీ సుంకం 1.5 శాతం, రిజిస్ట్రేషన్ రుసుము 0.5 శాతం కలిపి 7.5 శాతం కొనుగోలుదారు భరిస్తాడు. 2.71 కోట్ల మీద అది 20 లక్షలు దాటుతుంది. దాన్ని కూడా కలుపుకుంటే ఆయనకు నిజంగా వచ్చే ఆదాయం 4.5 కాదు, సుమారు 4.2 శాతమే. బేరంలో ఆయన ఈ మాట ఎత్తినప్పుడు అది బుకాయింపు అనుకోకండి, ఆ లెక్క సరైనదే. మీరు కూడా ఆ లెక్క ముందే వేసుకుని ఉంటే ఎక్కడ ఆగాలో మీకు తెలుస్తుంది.

ఇదే లెక్కను తిరగేసి చూడండి. 4.5 శాతం లెక్కన నెలకు 1,000 రూపాయల అద్దె అంటే ధరలో సుమారు 2.67 లక్షలు. మీ రెండో అంతస్తులో పదేళ్లుగా ఉంటున్న కుటుంబం మార్కెట్ కంటే తక్కువ ఇస్తున్నదని రాశారు. అమ్మకానికి రెండు నెలల ముందు హఠాత్తుగా ఆ అద్దె పెంచి, పెరిగిన అంకెను చూపించి ధర అడగాలన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది. దాన్ని చేయవద్దని గట్టిగా చెబుతున్నాను. కొనుగోలుదారు గత రెండేళ్ల బ్యాంకు స్టేట్‌మెంట్లు అడుగుతాడు, రెండు నెలల పెరుగుదల అందులో స్పష్టంగా కనబడుతుంది, అది చూసిన తరువాత మిగతా అంకెలను కూడా ఆయన అనుమానంతోనే చూస్తాడు. దానికంటే ఇప్పుడున్న అద్దె ఇంత, చుట్టుపక్కల ఇలాంటి పోర్షన్లకు ఇంత, ఒప్పందం గడువు ఫలానా నెలలో ముగుస్తుంది అని ఉన్నదున్నట్లు చెప్పండి. ఆ తేడాలోని అవకాశాన్ని కొనుగోలుదారే చూసుకుని ధరలో కొంత ఇస్తాడు.

ఇప్పుడు కాగితాల సంగతి. పోర్షన్లకు 11 నెలల ఒప్పందాలున్నాయి, రెండు మల్గీలకు స్టాంపు కాగితం మీద తొమ్మిదేళ్ల లీజు రాసుకున్నాము, రిజిస్టర్ చేయలేదు అన్నారు. మీ మొత్తం వ్యవహారంలో అతి ముఖ్యమైన వాక్యం ఇదే, మీరు దాన్ని మధ్యలో ఎక్కడో రాశారు. ఏడాదికి మించిన గడువుతో చేసే లీజును రిజిస్టర్ చేయించి తీరాలని ఆస్తి బదిలీ చట్టం 107వ సెక్షన్, 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ చెబుతున్నాయి. రిజిస్టర్ కాని తొమ్మిదేళ్ల లీజు ఆ గడువును రుజువు చేయడానికి పనికిరాదు. కిరాయిదారు ఉంటూ అద్దె కడుతున్నాడు కాబట్టి చట్టం దాన్ని నెలవారీ కిరాయిగా చూస్తుంది, ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ కింద పదిహేను రోజుల నోటీసుతో ఏ పక్షమైనా ముగించవచ్చు. కనుక ఇంకా ఆరేళ్ల లీజు మిగిలి ఉందని కొనుగోలుదారుకు చెబితే, ఆయన న్యాయవాది మొదటి రోజే దాన్ని కొట్టేస్తాడు. ఈ లోపాన్ని సరిదిద్దడానికి రెండు మార్గాలున్నాయి. మల్గీల వారు ఒప్పుకుంటే మిగిలిన కాలానికి కొత్త లీజు రాసి, తగిన స్టాంపు డ్యూటీ కట్టి రిజిస్టర్ చేయించడం ఒకటి. లేదా కొనుగోలుదారుకు ఉన్న స్థితిని ఉన్నట్లు చెప్పి, కొత్త లీజు ఆయనే తన షరతులతో చేసుకునేలా వదిలేయడం. నేనైతే రెండోది ఎంచుకుంటాను. ఎందుకంటే కొత్త యజమాని అద్దె ఎంత పెంచుకోవాలో, ఎన్నేళ్లు ఇవ్వాలో ముందే మీరు నిర్ణయించి రిజిస్టర్ చేస్తే, ఆయనకు నచ్చకపోతే బేరమే చెడవచ్చు.

వివరంగా చెప్పవలసిన విషయం అడ్వాన్సులది. ఇక్కడ నా సొంత అనుభవం ఒకటి చెబుతాను. చాలా ఏళ్ల కిందట నగరంలో మూడంతస్తుల భవనం ఒకటి కిరాయిదారులతో సహా అమ్మాను. అడ్వాన్సుల జాబితా నా నోటుపుస్తకం చూసి రాసిచ్చాను, కొనుగోలుదారు ఆ మొత్తం మినహాయించుకున్నాడు, రిజిస్ట్రేషన్ పూర్తయింది. ఎనిమిది నెలల తరువాత కింది దుకాణదారు ఖాళీ చేస్తూ తాను ఇచ్చింది మూడు లక్షలన్నాడు, నా పుస్తకంలో చూస్తే ఉన్నది లక్షన్నరే. నిజానికి ఆయన చెప్పిందే సరి. మధ్యలో పక్క గది కూడా తీసుకున్నప్పుడు మరో లక్షన్నర మా అన్నయ్య చేతికి ఇచ్చాడు, అన్నయ్య ఇంటి మరమ్మతుకు ఖర్చు పెట్టాడు, నాకు చెప్పడం మరిచిపోయాడు. కొనుగోలుదారు నన్ను నిందించాడు, దుకాణదారు మా ఇద్దరి మధ్య నలిగిపోయాడు, చివరికి నేను ఆ లక్షన్నర చెల్లించి క్షమించమని అడిగాను. డబ్బుకంటే, పదకొండేళ్లు నమ్మకంగా అద్దె కట్టిన మనిషి తన సొమ్ము కోసం ఇద్దరి గుమ్మాల చుట్టూ తిరగవలసి రావడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. మీ భవనాన్ని మీ నాన్నగారు, ఆ తరువాత మీ చెల్లెలు, మధ్యలో ఒక బంధువు చూసుకున్నారని రాశారు కాబట్టి, ఇదే పొరపాటు మీ దగ్గర కూడా జరిగి ఉండే అవకాశం ఎక్కువ.

అందుకే బయానా (ఒప్పందం మీద ఇచ్చే ముందస్తు సొమ్ము) తీసుకోకముందే ప్రతి కిరాయిదారు చేత ఒక ధ్రువీకరణ పత్రం రాయించుకోండి. ఇది యజమాని రాసిచ్చే జాబితా కాదు, కిరాయిదారు తన మాటగా రాసి సంతకం చేసే కాగితం. తాను ఏ పోర్షనులో, ఏ తేదీ నుంచి ఉంటున్నాడో, నెలకు అద్దె ఎంతో, ఏ నెల వరకు కట్టాడో, అడ్వాన్సు ఎంత, ఎప్పుడు, ఎవరి చేతికి ఇచ్చాడో, వ్రాతపూర్వక ఒప్పందం ఉందో లేదో, యజమానితో నోటిమాటగా ఒప్పుకున్నవి ఏమైనా ఉన్నాయో అందులో ఉండాలి. ఆ చివరి అంశాన్ని వదిలేయకండి. మల్గీలో షట్టరు, రాక్‌లు, ఫాల్స్ సీలింగ్ తన ఖర్చుతో పెట్టుకున్న వ్యాపారి ఖాళీ చేసేటప్పుడు వాటి విలువ ఇస్తామని మీ నాన్నగారు మాట ఇచ్చి ఉండవచ్చు, మేడ మీద నీళ్ల ట్యాంకు పక్కన గదిని ఒక కుటుంబానికి ఉచితంగా వాడుకోనిచ్చి ఉండవచ్చు. కరెంటు మీటరు ఎవరి పేరున ఉంది, బకాయి ఏమైనా ఉందా అన్నది కూడా ఇదే కాగితంలో చేర్చండి.

ఈ పత్రాలు సేకరించేటప్పుడే మరో సంగతి బయటపడుతుంది, అదే అసలు కిరాయిదారు ఎవరన్నది. మల్గీల్లో కాగితం మీద ఒకరి పేరు, కౌంటరు దగ్గర మరొకరు ఉండడం తరచుగా చూస్తాము. ఆస్తిలో ఎవరు స్వాధీనంలో ఉన్నారో వారి హక్కు గురించి కొనుగోలుదారుకు తెలిసినట్లే లెక్క అని ఆస్తి బదిలీ చట్టం 3వ సెక్షన్ చెబుతుంది. కాబట్టి జాగ్రత్తగల కొనుగోలుదారు ప్రతి తలుపూ తట్టి అడుగుతాడు. ఆయన అడిగి తెలుసుకునే లోపే మీరు తెలుసుకుని చెప్పడం మంచిది.

కిరాయిదారులకు ఎప్పుడు, ఎలా చెప్పాలన్నది చాలామంది తేలికగా తీసుకుంటారు. మధ్యవర్తి ఎవరో కొత్త మనుషులను వెంటబెట్టుకుని మెట్లెక్కి కొలతలు తీయడం చూసి విషయం తెలిస్తే, మొదట పుట్టేది భయం. పిల్లల బడి మధ్యలో ఖాళీ చేయమంటారేమో, అడ్వాన్సు పోతుందేమో అన్న భయంతో కొందరు అద్దె ఆపేస్తారు, అడ్వాన్సులో జమ చేసుకోమంటారు. ఒక్కరు అలా చేస్తే మిగతా ఐదుగురూ అదే దారి పడతారు, మీ అద్దెల పట్టిక విలువ కోల్పోతుంది. మీ చెల్లెలుగారు స్వయంగా ఆరు గడపలూ ఎక్కి, భవనం అమ్ముతున్నాము, మిమ్మల్ని ఖాళీ చేయమనడం లేదు, మీ అడ్వాన్సు లెక్క మీ సంతకంతోనే కొత్త యజమానికి అప్పగిస్తాము అని చెబితే, ఆ మాటకు విలువ ఉంటుంది. పదేళ్లుగా ఉన్న కుటుంబానికి ఆమె ముందుగా చెప్పడం ఇంకా మంచిది. అయితే కొత్త యజమాని మిమ్మల్ని ఎన్నేళ్లైనా ఉండనిస్తాడు అన్న హామీ మాత్రం ఆమె ఇవ్వకూడదు. అలాగే కిరాయిదారులు కదలరు అన్న హామీ కొనుగోలుదారుకు మీరూ ఇవ్వకూడదు, ఆ రెండూ మన చేతిలో లేనివి.

పాత అద్దె నియంత్రణ చట్టం గురించి కూడా అడిగారు. ఉమ్మడి రాష్ట్రంలో 1960లో వచ్చిన భవనాల లీజు, అద్దె, ఖాళీ నియంత్రణ చట్టమే ఇప్పుడు తెలంగాణ పేరుతో కొనసాగుతున్నది. 2005 సవరణ తరువాత నగరపాలక సంస్థల పరిధిలో నెలకు 3,500 రూపాయలు దాటిన అద్దెలను దాని పరిధి నుంచి తప్పించారు. మీ పోర్షన్లు, మల్గీలు అన్నీ ఇప్పుడు ఆ మొత్తానికి చాలా పైన ఉన్నాయి, అయితే మల్గీల్లో ఒకరు 1999 నుంచీ ఉన్నారని రాశారు కాబట్టి, 2005లో ఆయన అద్దె ఎంతో పాత రసీదుల్లో చూసి న్యాయవాదికి చూపించండి. ఆ చట్టం కిందికి వచ్చే కిరాయిదారును ఖాళీ చేయించాలంటే అద్దె ఎగవేత, సొంత అవసరం వంటి నిర్దిష్ట కారణాలతో రెంట్ కంట్రోలర్ ముందుకు వెళ్లాలి. ఆ విషయం దాచి అమ్మితే తరువాత మీ మీదికే వస్తుంది, ఎందుకంటే ఆస్తికి సంబంధించి తనకు తెలిసిన, కొనేవారు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపాలను వెల్లడించడం అమ్మకందారు బాధ్యత అని ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ అంటున్నది.

కొనుగోలు ఒప్పందం దగ్గరికి వద్దాం. దీన్ని దస్తావేజు లేఖరి దగ్గరున్న నమూనాతో సరిపెట్టవద్దు. ఆ నమూనాల్లో దాదాపు అన్నింటిలోనూ, నేటి దినమున సదరు ఆస్తిని ఖాళీ స్వాధీనముగా మీకు అప్పగించితిమి అన్న వాక్యం ఉంటుంది. ఆరుగురు కిరాయిదారులున్న భవనానికి ఆ వాక్యం అబద్ధం. ఖాళీ స్వాధీనం ఇస్తానని సంతకం చేసి ఇవ్వలేకపోయారు అని రేపు కొనుగోలుదారు వారసుడో, ఆయనకు అప్పిచ్చిన బ్యాంకో ప్రశ్నిస్తే మీ దగ్గర సమాధానం ఉండదు. దాని స్థానంలో, అనుబంధ పట్టికలో పేర్కొన్న కిరాయిదారుల స్వాధీనంలో ఉన్న స్థితిలోనే ఆస్తిని అమ్ముతున్నామని, వారి నుంచి అద్దె వసూలు చేసుకునే హక్కు ఫలానా తేదీ నుంచి కొనుగోలుదారుదేనని, వారి అడ్వాన్సులు తిరిగి ఇచ్చే బాధ్యతను కొనుగోలుదారు స్వీకరించాడని స్పష్టంగా రాయించండి. ఆ అనుబంధ పట్టికలో ఆరుగురి వివరాలు ఉండాలి, అమ్మకం ఒప్పందంలోనూ, చివరి దస్తావేజులోనూ అదే పట్టిక చేర్చాలి. ఒప్పందానికీ రిజిస్ట్రేషన్‌కూ మధ్య ఉన్న రెండు మూడు నెలల్లో మీరు ఎవరినీ ఖాళీ చేయించకూడదు, కొత్తవారిని చేర్చుకోకూడదు, అద్దెలు మార్చకూడదు, ఎవరైనా తమంతట తాము ఖాళీ చేస్తే ఆయనకు వెంటనే తెలియజేయాలి అన్న షరతు కూడా ఆయన అడుగుతాడు. అది న్యాయమైన కోరికే, ఒప్పుకోండి.

మీ రెండు మల్గీల వారూ ఆరు నెలల చొప్పున ఇచ్చిన అడ్వాన్సు 1,68,000 లెక్కన 3,36,000, నాలుగు పోర్షన్ల వారూ రెండు నెలల చొప్పున ఇచ్చినది 32,000 లెక్కన 1,28,000, మొత్తం 4,64,000 రూపాయలు. ఈ సొమ్ము మీ దగ్గర ఉంది, తిరిగి ఇవ్వవలసిన వాడు కొత్త యజమాని. కాబట్టి ఆయన మీకు చెల్లించే మొత్తంలో దీన్ని సర్దుబాటు చేసుకోవాలి. అయితే ధరను తగ్గించి రాయకూడదు. దస్తావేజులో ధర పూర్తిగా 2.71 కోట్లే ఉండాలి, అందులో 4,64,000 రూపాయలు కిరాయిదారుల అడ్వాన్సుల బాధ్యత కింద సర్దుబాటు అయినట్లు చెల్లింపుల వివరాల్లో రాయాలి. స్టాంపు డ్యూటీ, కొనుగోలుదారు మీకిచ్చే సొమ్ములోంచి మినహాయించి ప్రభుత్వానికి కట్టే పన్ను కోత (టీడీఎస్) రెండూ పూర్తి ధర మీదనే లెక్కిస్తారు.

అద్దె సర్దుబాటు కూడా ఇలాగే. యజమాని మారినప్పుడు అద్దె రోజువారీగా విభజించుకోవాలని ఆస్తి బదిలీ చట్టం 36వ సెక్షన్ చెబుతుంది. నెల మొదట్లోనే అద్దె తీసుకునే పద్ధతి మీది. ముప్పై రోజుల నెలలో పద్దెనిమిదో తేదీన రిజిస్ట్రేషన్ అయితే, రోజుకు 4,000 రూపాయల లెక్కన పదిహేడు రోజుల 68,000 మీకు, మిగిలిన పదమూడు రోజుల 52,000 ఆయనకు చెందుతాయి. అమ్మకానికి ముందు బకాయి పడిన అద్దెలు మాత్రం విడిగా రాసిస్తే తప్ప కొన్నవారికి రావు. ఒక పోర్షనులో రెండు నెలల బకాయి ఉందన్నారు కదా, దాన్ని రిజిస్ట్రేషన్‌కు ముందే వసూలు చేసుకోండి, లేదా ధరలో చూసుకుని ఆయనకే రాసివ్వండి. అమ్మేసిన తరువాత పాత బకాయి కోసం కొత్త యజమాని కిరాయిదారును మీరు వెంటాడడం ఎవరికీ మంచిది కాదు.

పన్నుల విషయంలో మీ అన్నాచెల్లెళ్లిద్దరి పరిస్థితి ఒకటి కాదు. ఆమె భారత నివాసి కాబట్టి, ఆమె వాటా మీద కొనుగోలుదారు 1 శాతం పన్ను కోసి కడితే సరిపోతుంది. 2024 జూలై 23కు ముందే సంక్రమించిన ఆస్తి కావడం వల్ల దీర్ఘకాలిక మూలధన లాభం (చాలాకాలం ఉంచుకున్న ఆస్తిని అమ్మితే వచ్చే లాభం) మీద ద్రవ్యోల్బణ సర్దుబాటు లేకుండా 12.5 శాతమో, సర్దుబాటుతో 20 శాతమో, ఏది తక్కువైతే అది ఆమె కట్టవచ్చు. ప్రవాసి అయిన మీకు ఆ ఎంపిక లేదు, 12.5 శాతమే వర్తిస్తుంది. అంతకంటే ఇబ్బందికరమైనది ఏమిటంటే, ముందస్తు ధ్రువపత్రం లేకపోతే కొనుగోలుదారు మీ లాభం మీద కాకుండా మీ వాటా ధర మొత్తం మీద, సర్‌చార్జీ, సెస్ కలుపుకొని పన్ను కోస్తాడు. మిగులు తిరిగి రావడానికి రిటర్ను వేసి ఎదురుచూడాలి. కనుక ఒప్పందం కుదిరిన వెంటనే తక్కువ కోతకు ఆదాయపు పన్ను శాఖ నుంచి ధ్రువపత్రానికి దరఖాస్తు చేయించండి, అది చేతికొచ్చిన తరువాతే రిజిస్ట్రేషన్ తేదీ పెట్టుకోండి. నాన్నగారు 2001 ఏప్రిల్ 1కి ముందు కట్టించారు కాబట్టి ఆ తేదీన ఉన్న విలువను కొన్న ధరగా తీసుకోవచ్చు, అయితే అది ఆ నాటి ప్రభుత్వ స్టాంపు విలువను మించకూడదు. ఆ నాటి విలువ పత్రాన్ని సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయం నుంచి ఇప్పుడే తెప్పించుకోండి. ఇది రెండు వాటాలకూ పనికొస్తుంది.

మీ వాటా అద్దె మీ ఖాతాలోకి వస్తున్నట్లయితే మరో చిక్కు ఉంది. ప్రవాసి యజమానికి అద్దె కట్టే కిరాయిదారు, అద్దె ఎంత తక్కువైనా, 30 శాతం పన్ను, దాని మీద సెస్ కలిపి 31.2 శాతం కోసి కట్టాలి. చాలామంది కిరాయిదారులకు ఈ సంగతే తెలియదు, పాటించి ఉండరు. పాత సంవత్సరాల్లో ఏమి జరిగిందో మీ ఆడిటరుతో మాట్లాడి సరిచేసుకోండి. అలాగే పైన ఇళ్లు, కింద దుకాణాలు కాబట్టి, లాభాన్ని తిరిగి ఇంటిలో పెట్టి మినహాయింపు పొందాలనుకుంటే ఇంటి భాగానికీ మల్గీల భాగానికీ నిబంధనలు వేరు వేరు. ఇంటి భాగానికి లాభం పెడితే చాలు, మల్గీల భాగానికి అమ్మకపు సొమ్ము మొత్తం పెట్టాలి. లాభంలో 50 లక్షల వరకు ఆరు నెలల్లోపు నిర్దేశిత బాండ్లలో పెట్టడం రెండు భాగాలకూ కుదురుతుంది. అమ్మగా వచ్చిన సొమ్ము మీ ఎన్‌ఆర్‌ఓ ఖాతాలో (ప్రవాసులు భారత్‌లో వచ్చే ఆదాయం జమ చేసుకునే బ్యాంకు ఖాతా) పడాలి, అక్కడినుంచి ఆర్థిక సంవత్సరానికి పది లక్షల డాలర్ల వరకు విదేశానికి పంపుకోవచ్చు. బయానా నగదుగా ఇస్తానని ఎవరన్నా ఒప్పుకోకండి. స్థిరాస్తి అమ్మకానికి 20,000 రూపాయలు, అంతకు మించి నగదుగా తీసుకుంటే తీసుకున్నంత మొత్తం జరిమానాగా కట్టవలసి వస్తుంది.

మీరు స్వయంగా రాలేకపోతే మీ చెల్లెలికి ఈ ఒక్క ఆస్తికి, ఈ ఒక్క అమ్మకానికి పరిమితమైన ప్రత్యేక పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వండి. భారత కాన్సులేటులో ధ్రువీకరించి పంపితే, ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి. అందులో అద్దె ధ్రువీకరణ పత్రాలు తీసుకోవడం, అడ్వాన్సులు సర్దుబాటు చేయడం, కిరాయిదారులకు లేఖలు ఇవ్వడం కూడా ఆమె అధికారాల్లో చేర్చించండి. సాధారణ నమూనాల్లో ఇవి ఉండవు.

చివరి పని రిజిస్ట్రేషన్ రోజు సాయంత్రమే చేయవలసినది. యజమాని మారినట్లు తెలియక కిరాయిదారు పాత యజమానికే అద్దె కడితే, ఆ అద్దెను కొత్త యజమాని మళ్లీ అడగలేడని 109వ సెక్షన్ కిరాయిదారును కాపాడుతుంది. కనుక సమాచారం చేరడం మీ ముగ్గురికీ అవసరం. అమ్మినవారు, కొన్నవారు కలిసి సంతకం చేసిన ఒకే లేఖ ఆరు ప్రతులు ముందే సిద్ధం చేసుకోండి. అందులో దస్తావేజు నంబరు, తేదీ, ఇకపై అద్దె కట్టవలసిన బ్యాంకు ఖాతా, ఏ నెల నుంచి కట్టాలి, ఆ కిరాయిదారు అడ్వాన్సు ఇంత మొత్తం కొత్త యజమానికి బదిలీ అయింది అన్న వాక్యం ఉండాలి. మీ చెల్లెలుగారు, కొనుగోలుదారు ఇద్దరూ కలిసి వెళ్లి ప్రతి గుమ్మంలో చేతికి ఇచ్చి, రెండో ప్రతి మీద సంతకం తీసుకోవాలి. ఎక్కడో కార్యాలయంలో కూర్చుని వాట్సాప్‌లో పంపితే మల్గీ వ్యాపారి దాన్ని నమ్మకపోవడంలో తప్పు లేదు, ఎవరో తెలియని ఖాతాకు డబ్బు పంపమంటే ఎవరూ పంపరు. పాత యజమాని తన నోటితో ఈయనే ఇకపై మీ యజమాని అని చెబితే, వచ్చే నెల అద్దె ఆగకుండా కొత్త ఖాతాకు చేరుతుంది. ఆ ఆరు సంతకాల ప్రతులు, మొదట్లో తీసుకున్న ధ్రువీకరణ పత్రాలు మీ దగ్గర ఒక సెట్టు, ఆయన దగ్గర ఒక సెట్టు ఉంచుకోండి. ఆ తరువాతే ఆస్తి పన్ను, నల్లా, కరెంటు పేర్ల మార్పిడికి ఆయన దరఖాస్తు చేసుకోవచ్చు, అవసరమైన చోట మీ చెల్లెలుగారు సంతకం పెడితే సరిపోతుంది.